పిడికెడు బియ్యం

వాడరేవు,
20 నవంబరు 1983

అక్కకు ప్రేమదాసు వందనాలు.

‘ఇక్కడ మేము క్షేమం’ అని చెయ్యి దానంతటదే రాయబోయింది. ఆపాను. నేను క్షేమమే. రెబ్కా సంగతే రాయాలి.

అన్నం తినడం లేదక్కా. ఎప్పటి నుంచి అని అడిగితే సరిగ్గా చెప్పలేను. పెళ్ళయి మూడేళ్ళు. మొదటి ఏడాది మామూలుగానే ఉంది. ఇప్పుడు గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. జాకెట్లకు రెండు పక్కలా కుట్లు వేసుకుంది, వాటి లోపల మళ్ళీ వేసుకుంది. తిన్నావా అంటే “ఇందాకే తిన్నానండీ” అంటుంది. ఆదివారం ఇంట్లోనే ఉండి కనిపెడితే “మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను” అంటుంది. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాదు.

వంట మాత్రం పండగలా చేస్తుంది. రేవులో పడవలు ఒడ్డుకు రాగానే వెళ్ళి చేపలు తెచ్చి పులుసు పెడుతుంది. నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని నేను తినే ప్రతి ముద్దా చూస్తుంది. నేను లావెక్కాను. బళ్ళో తోటి మాష్టర్లు “పెళ్ళాం చేతి వంట బాగా పడిందే” అని నవ్వుతున్నారు. నాకు నవ్వు రావడం లేదు.

పోయిన ఆదివారం మా చర్చిలో కోత పండుగ. నువ్వు పెళ్ళిలో ఇచ్చిన పిడికెడు బియ్యం డబ్బా ఉంది కదా, వంటకు బియ్యం పోసినప్పుడల్లా అందులో ఒక పిడికెడు దేవుడికని తీసిపెడుతుంది. ఈ ఏడు సంఘం మొత్తంలో అందరికంటే ఎక్కువ బియ్యం తెచ్చింది రెబ్కాయేనట. అయ్యగారు నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. కొంగు నెత్తి మీద కప్పుకుని నిలబడి తూలింది. నేను చూశాను. ఇంకెవరూ చూడలేదు.

నీకు ఇలాంటివి తెలుస్తాయని రాస్తున్నాను. ఏం చెయ్యమంటావు?

నీ తమ్ముడు
దాసు


సత్తెనపల్లి,
28 నవంబరు 1983

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు దాసుకు అక్క ఎలీసమ్మ దీవించి రాసేది.

ఉత్తరం అందింది. ఒరేయ్, పెళ్ళాం ఎక్కువ తింటుందని ఏడ్చే మొగుళ్ళను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. తినడం లేదని ఏడ్చేవాడివి నువ్వొక్కడివే దొరికావు. నీకు బుర్ర లేదు. మూడేళ్ళయింది, కడుపు పండలేదు, ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా ఉపవాస ప్రార్థన పట్టింది. ఉపవాసం ఉన్నవాళ్ళు తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కుని నలుగురిలో మామూలుగా తిరగాలని మన అయ్యగార్లు చెప్పగా వినలేదా? అదే చేస్తోంది. నువ్వు మొక్క పాతి వేళ్ళు తవ్వి చూసే రకం.

లేదా అసలు సంగతి వేరే ఉందేమో. వేవిళ్ళేమో కనుక్కున్నావా?

బియ్యం సంగతి చదివి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. పెళ్ళి మర్నాడు దాని తిండి చూసి నేనేదో వేళాకోళం ఆడితే అందరూ పడీపడీ నవ్వారు, గుర్తుందా? ఆ పిల్ల ఇవాళ నా డబ్బా నింపి సంఘంలో మొదట నిలబడింది. బైబిలు ఉమెన్‌గా ఊరూరా తిరిగి వాక్యం చెబుతున్నాను గాని, ఇలాంటి మరదలు మన ఇంటికి వచ్చిందని చెప్పుకోవడం నాకు అన్నిటికంటే గొప్ప. నా తరఫున మెచ్చుకున్నానని చెప్పు. వేరే కాగితం మీద తనకూ రాసి ఇందులో పెట్టాను.

ఇక్కడ పత్తి తీతలు మొదలయ్యాయి. మిరప బాగుంది, పురుగు లేదు. గోంగూర పచ్చడి సీసా మనిషి చేత పంపుతున్నాను.

ప్రార్థనలో మిమ్మల్ని మరువని
అక్క


వాడరేవు,
4 జనవరి 1984

అక్కకు వందనాలు.

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పే ఓపిక లేదు, క్షమించు.

వేవిళ్ళు కాదు. నీకు రాయాలంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ఆరు నెలలుగా నెలసరే లేదు. ముందు నేనూ ఆశపడ్డాను. పరీక్ష చేయిస్తే ఏమీ లేదన్నారు.

క్రిస్మస్ రోజు నేను చేసిన పని ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతాను. నాలుగు రోజుల ముందు బియ్యం పోస్తుంటే వాకిట్లో నుంచి చూశాను. ఇద్దరికీ సరిపడా చేటలో పోసింది. దేవుడికి ఒక పిడికెడు తీసింది. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. నాకు ఎంత కావాలో అంత మిగిల్చి, తన వాటా అంతా డబ్బాలో వేసింది. మనం చప్పట్లు కొట్టింది ఆ బియ్యానికి.

పండగ రోజు కోడికూర చేసింది. తినమన్నాను. తర్వాత అంది. నాకు ఒళ్ళు తెలియలేదు. దవడ పట్టుకుని ముద్ద నోట్లో కుక్కాను. కొట్టలేదు గాని అంతకంటే తక్కువేమీ కాదు. బుగ్గల మీద నా వేళ్ళు కనబడ్డాయి. ముద్ద అలాగే నోట్లో ఉంచుకుని నా వైపు చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. నేనే పెరట్లోకి పోయి ఏడ్చాను. నేను వెళ్ళగానే ఉమ్మేసిందని తర్వాత తెలిసింది.

సెలవు పెట్టి గుంటూరు తీసుకెళ్ళాను. బ్రాడీపేటలో ఇద్దరు డాక్టర్లు గ్యాసని, రక్తహీనతని టానిక్కులు రాశారు. మూడో ఆవిడ కాస్త వయసు మళ్ళిన లేడీ డాక్టరు. రెబ్కాను ఒంటరిగా కూర్చోబెట్టుకుని గంటసేపు మాట్లాడింది. తర్వాత నాతో “ఇది జబ్బు కావచ్చు మాష్టారూ. నేను పుస్తకాల్లో చదివానే గాని ఎక్కువ మందిని చూడలేదు. మొండితనమనుకోకండి. బలవంతం పెట్టకండి. ఎంత తిన్నావని అడగకండి. పక్కన కూర్చుని మీరూ తినండి. ఒంటిని గురించి గాని, తిండిని గురించి గాని తిట్టొద్దు, పొగడొద్దు” అంది. కాటా మీద ముప్పై ఏడు కిలోలుంది.

తనకు మాత్రం ఏమీ లేదంటుంది. “ఒళ్ళు తేలిగ్గా ఉందండీ, ప్రార్థన బాగా వస్తోంది” అంటుంది.

అక్కా, ఒక్కటే అడుగుతున్నాను. మెచ్చుకుంటూ రాయకు. నువ్వు రాసిన ఆ కాగితం బైబిల్లో దాచుకుని రోజూ చదువుకుంటోంది.

దాసు


సత్తెనపల్లి,
15 జనవరి 1984

తమ్ముడు దాసుకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కోపం దిగలేదు. ఆడదాని దవడ పట్టుకునేంత మొనగాడివయ్యావా? నేను పెంచింది ఇందుకేనా?

రెండో కోపం ఆ డాక్టరమ్మ మీద. తినడానికి లేక చచ్చినవాళ్ళను నేను చూశాను. ఇంట్లో ఉండి తినకపోవడం జబ్బని ఎక్కడా వినలేదు. మిరప కల్లాల్లో కూలికొచ్చే ఆడవాళ్ళ దగ్గర ఈ మాట అంటే చీపురు తిరగేస్తారు. నువ్వు పుట్టిన ఏడాది మన నాన్నకు పని దొరకలేదు. ఉన్న గంజి నీకూ నాకూ పోసి అమ్మ కొంగు బిగించి కట్టుకుని పడుకునేది. ‘ఆకలి లేదే’ అనేది. ఆమెకూ జబ్బేనా? తను తినకుండా పెట్టినదాన్నే మన ఇంట్లో తల్లి అన్నాం. రెబ్కా కూడా అదే తోవలో ఉందని నేననుకుంటుంటే నువ్వు దాన్ని పిచ్చిదాన్ని చేస్తున్నావు.

నీ చేతిలో ఆ పిల్ల బతకదు. నా దగ్గరికి పంపు. చంటిపిల్లవాడివిగా నిన్ను బతికించిన చెయ్యి ఇది. నెల రోజుల్లో మనిషిని చేసి పంపుతాను.

అక్క


వాడరేవు,
9 ఫిబ్రవరి 1984

అక్కకు వందనాలు.

నువ్వు తిట్టినదానికి బదులు చెప్పను. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. ఆదివారం రెబ్కాను తీసుకొచ్చి దింపుతాను. ఏడో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి, సాయంత్రం బస్సుకే తిరిగి రావాలి. ఆమె ఎదురుగా చెప్పలేను కనుక ముందుగా రాస్తున్నాను. చదివి పొయ్యిలో పెట్టు.

డాక్టరమ్మ చెప్పినవే మళ్ళీ చెబుతున్నాను. తినమని బతిమాలొద్దు. వడ్డించి వెళ్ళిపోవద్దు, నువ్వూ కంచం పెట్టుకుని పక్కనే కూర్చో. డబ్బా నీ దగ్గర తెరవనివ్వకు. మార్చి ఏడున భస్మ బుధవారం. శ్రమల కాలం నలభై రోజులూ ఎంత అడిగినా ఉపవాసం ఒప్పుకోకు. ఇది ఒక్కటీ మర్చిపోకు.

ఇంకొకటి. నా మీద ఏమైనా చెబితే నమ్ము. నిజమే అయి ఉంటుంది.

దాసు


సత్తెనపల్లి,
1 మార్చి 1984

నా తమ్ముడు దాసుకు దీవెనలు. దేవునికి స్తోత్రం!

తింటోందిరా! వచ్చిన వారం రోజులు పిట్టలా కొరికింది. తర్వాత నా గోంగూర, నా పప్పుచారు పని చేశాయి. కంచంలో పెట్టింది పెట్టినట్టు మాయం. మెతుకు మిగలదు, కంచం కూడా తనే కడిగేస్తుంది. ఇంకొంచెం వెయ్యనా అంటే “వేయండి వదినా” అంటుంది. డాక్టరు చెప్పిన చదువులన్నీ ఎందుకు? నీ మొహం చూస్తూ తినలేకపోయింది, అంతే. కోపం తెచ్చుకోకు.

నాతో కల్లాలకు కూడా వస్తోంది. ఎండలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉంటే ఆ ఘాటుకు నేనే దగ్గుతాను, తను బిందెలతో నీళ్ళు మోసి కూలీ ఆడవాళ్ళకు పోస్తుంది. వాళ్ళకు దేవత అయిపోయింది. ముఖ్యంగా వీరమ్మ అని ఒక తల్లి ఉంది, ముగ్గురు పిల్లలది, ఆమె చెయ్యెత్తి దణ్ణం పెడుతోంది.

ఉపవాసం సంగతి. నీ మాట మర్చిపోలేదు. కానీ తనే అడిగింది, శ్రమల కాలంలో ఒంటిపూట ఉంటాను వదినా, మీరూ ఉంటారుగా అని. ఇంత బాగా తింటున్నదాన్ని దేవుడి దగ్గరికి వెళ్ళొద్దని ఏ నోటితో చెప్పను? ఒప్పుకున్నాను. బుధవారం కూడికలో నలుగురి ముందూ నిలబడి దేవుడు తనకు చేసిన మేలు చెప్పి సాక్ష్యం కూడా ఇస్తుంది.

నిశ్చింతగా పరీక్షలు చూసుకో.

అక్క


వాడరేవు,
6 మార్చి 1984

అక్కా,

టెలిగ్రాం ఇచ్చాను. ఇది వెనకే వస్తుంది.

కంచం ఖాళీ అయిందన్నావు. మింగడం చూశావా? వడ్డించి నువ్వెక్కడికి వెళ్తున్నావు? ‘తింటోంది’ అని రాశావు, ‘తిన్నాం’ అని ఒక్కసారీ రాయలేదు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఎవరి కంచం వాళ్ళు ఏ మూలనో పెట్టుకుని తింటారు. ఎవరు తిన్నారో ఎవరు మానారో ఏ మొగుడికీ తెలియదు, ఏ వదినకూ తెలియదు. నాకు మూడేళ్ళు తెలియలేదు.

సాక్ష్యం చెప్పించకు. ఉపవాసం ఆపు. శనివారం వస్తున్నాను.

దాసు


సత్తెనపల్లి,
30 మార్చి 1984

గుంటూరు ఆసుపత్రిలో రెబ్కా దగ్గర ఉన్న తమ్ముడు దాసుకు,

నన్ను వెళ్ళిపొమ్మన్నావు, వచ్చేశాను. వార్డు బయట అందరి ముందూ నువ్వన్న మాటలకు నాకు బాధ లేదు. ఎదురుగా చెప్పలేకపోయినవి రాస్తున్నాను.

నీ టెలిగ్రాం బుధవారం పొద్దున్నే అందింది. చదివి చించేశాను. సాయంత్రం కూడికకు మూడు ఊళ్ళ వాళ్ళను పిలిచి ఉన్నాను. నా మరదలు సాక్ష్యం చెబుతుందని చెప్పి ఉన్నాను. పరువుకు పోయి చెప్పించాను దాసూ. శనివారం నువ్వొచ్చినప్పుడు మనిద్దరి ఎదుటా కూర్చుని శుభ్రంగా తిన్నది. నువ్వు కూడా నమ్మి ధైర్యంగా బస్సెక్కావు. అది నీకు గుర్తు చేస్తున్నానని తప్పు పట్టకు. మనిద్దరినీ సమానంగా నమ్మించింది.

నువ్వెళ్ళాక కల్లంలో రెబ్కా బిందెతో పడిపోయినప్పుడు ఎత్తుకొచ్చింది వీరమ్మే. ఎత్తడానికి ఇంకొకళ్ళు అవసరం కాలేదు, చంకన వేసుకుని వచ్చింది. మంచం మీద పడుకోబెట్టి ఏడుస్తూ అంది: “అమ్మగారూ, ఈ తల్లి రోజూ మా పిల్లోళ్ళకి క్యారేజీ నిండా అన్నం తెచ్చి పెట్టుద్దండీ. మీరే పంపుతున్నారనుకున్నానండీ. చర్చిలోంచి వచ్చే కూడనుకున్నానండీ.” నా గోంగూర, నా పప్పుచారు అక్కడికి పోయాయి. వాళ్ళు మూడు వారాలు కడుపునిండా తిన్నారు. వీరమ్మను ఏమని తిట్టను?

తన పెట్టెలో నీ ఇంటి డబ్బా ఉంది. మూత తీశాను. అంచుదాకా బియ్యం.

ఇంకొకటి చెప్పాలి. పెళ్ళి మర్నాడు నేనాడిన వేళాకోళం నీకు పూర్తిగా తెలియదు. ఆ డబ్బా చేతికిస్తూ, అందరూ వింటుండగా, “పిల్లా, ముందు దేవుడి పిడికెడు తీసిపెట్టు. నీ తిండికి వదిలేస్తే ఆయనకు నూకలు కూడా మిగలవు” అన్నాను. నవ్వులే నవ్వులు. రెబ్కా కూడా నవ్వింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పదిమందికీ చెప్పేదాన్ని నేనే. ఆ పిల్లను చంపుతున్నది నా మాట. ఆమెకు చెప్పి నా తరఫున క్షమాపణ అడుగు.

నిన్నటి నుంచి నేను పూర్తి ఉపవాసం ఉన్నాను. రెబ్కా లేచి కూర్చునేదాకా మంచినీళ్ళు తప్ప ముట్టను. నా చేతనైనది ఇదొక్కటే.

ఎలీసమ్మ


గుంటూరు,
11 ఏప్రిల్ 1984

అక్కా,

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. రెబ్కా ముప్పై ఒక్క కిలో. గ్లూకోజు ఎక్కించడానికి నరం దొరకడం లేదు. బ్రాడీపేట డాక్టరమ్మ రెండు రోజులకోసారి వచ్చి చూసిపోతోంది. గుండె బలహీనపడిందని, ఇప్పుడు ఒక్క పూట వదులుకున్నా కష్టమని చెప్పింది. పాలు, జావ చెంచాతో మొదలుపెట్టాం. రోజుకు అరగ్లాసు దిగేది.

నీ ఉత్తరం చదివి వినిపించాను. నీ క్షమాపణ చెప్పాను. చాలాసేపు ఆలోచించి, “వదిన అలా అన్నారా? నాకు గుర్తే లేదండీ” అంది. అబద్ధం కాదు, మొహం చూస్తే తెలుస్తుంది. “ఆ డబ్బా ఇచ్చినప్పుడు వదిన నా నెత్తి మీద చెయ్యి పెట్టారు, అది గుర్తుంది” అంది. మరెందుకు రెబ్కా అని అడిగాను, అడగకూడదని తెలిసీ. “తెలీదండీ. తినకుండా ఒక రోజు గడిస్తే ఏదో గెలిచినట్టుంటుంది. తింటే భయం” అంది. నువ్వూ నేనూ నేరం మాదంటే మాదని మోసుకు తిరుగుతున్నాం. ఆమెకు అవేవీ పట్టలేదు.

నీ ఉత్తరంలో ఆఖరి ముక్క కూడా చదివాను. ఆలోచించకుండా చదివాను. అది నా తప్పు. వదిన ఉపవాసం ఉన్నారా అని లేచి కూర్చుంది అక్కా. ఇన్ని రోజులకు తనంతట తను లేచింది, కళ్ళు మెరుస్తున్నాయి. “ఎన్నాళ్ళయిందండీ?” అంది. అప్పటి నుంచి పాలగ్లాసు పక్కకు నెడుతోంది. “వదిన మానేదాకా నేనూ ఉంటాను” అంటోంది. వచ్చే వారం మంచి శుక్రవారం. ఆ రోజు చుక్క ముట్టనని ఇప్పుడే చెప్పేసింది. అందరూ ఉండే రోజే కదా అంటోంది.

తినక్కా. నీకు దణ్ణం పెడతాను. మనకు తెలిసిన మందు ఉపవాసం ఒక్కటే, అదే ఆమెకు విషం. నువ్వు తింటున్నావని నేను చెబితే నమ్మదు. ఆమె కళ్ళతో చూడాలి. నేను నిన్ను రావద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

దాసు


సత్తెనపల్లి,
16 ఏప్రిల్ 1984

తమ్ముడు దాసుకు,

తిన్నాను.

పద్నాలుగు రోజుల తర్వాత పలచగా జావ కాచుకుని గ్లాసు రెండుసార్లు ఎత్తి కింద పెట్టేశాను. నీరసం వల్ల కాదు. ఓడిపోతున్నట్టు అనిపించింది. తినకుండా గడిపిన రోజును నేనూ గెలుపు కింద కట్టుకుంటున్నానని అప్పుడు తెలిసింది. ముప్పై ఏళ్ళుగా అదే నా గొప్ప. రెబ్కాకు ఉన్నది నాలోనూ కొంచెం ఉందేమో. అమ్మకూ ఉందేమో, ఎవరికి తెలుసు? పాపం, అమ్మకు ఆకలి వేసే ఉంటుంది.

నిన్న పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి శుక్రవారం మధ్యాహ్నం ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనకు రానని చెప్పాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పలేదు, జబ్బుగా ఉందా అన్నారు. లేదయ్యా, ఆ రోజు మధ్యాహ్నం నేను అన్నం తినాలి అన్నాను. ఆయన ముఖం ఎలా మారిందో రాయను. అప్పుడే స్త్రీల సమాజంలో మాట పాకింది. ఎలీసమ్మ మంచి శుక్రవారం నాడు తింటుందట అని. అననీ.

శుక్రవారం మొదటి బస్సుకు వస్తున్నాను. నీ డబ్బాలో బియ్యం ఉన్నాయిగా, రెబ్కా వాటా, అవే కడిగి మెత్తగా వండి తెస్తాను. పెరుగు తెస్తాను. గోంగూర తేను, అది నా గొప్ప కోసం చేసేది. వచ్చి మంచం పక్కన కూర్చుని సరిగ్గా పన్నెండు గంటలకు తింటాను. తినమనను. మెచ్చుకోను. ప్రార్థన కూడా మనసులోనే చేసుకుంటాను. నా నోరు సంగతి నీకు తెలుసు, అన్నం నోట్లో ఉంటేనన్నా ఊరుకుంటుంది.

ఆమె తింటుందని నేను అనుకోవడం లేదు. చూస్తుంది. శనివారం కూడా తింటాను, ఆదివారం కూడా. ఎన్నాళ్ళు పట్టినా అక్కడే ఉంటాను.

ఇంకొక్క మాట. గుంటూరు వెళ్ళి వచ్చిన వీరమ్మ నిన్ను చూసి గుర్తుపట్టలేదట. “అయ్యగారి చొక్కా కొయ్యకి తగిలించినట్టు ఉందండీ” అంది. తన ఎదుట తినలేక నువ్వూ మానేశావని నాకు అర్థమైంది. శుక్రవారం కంచాలు రెండు కాదు, మూడు కడిగి ఉంచు.

మీ అక్క
ఎలీసమ్మ